బరువు కోసం ఎక్కించిన మనుషులు

ప్రియమైన రూతమ్మకు,

నీ పెనిమిటి యోసేపు ప్రేమతో రాసుకునే జాబు. ప్రభువు దయవల్ల నా ఒంట్లో ఏ నలతా లేదు. డోర్నకల్‌లో నువ్వు, కడుపులో బిడ్డ, అత్తమ్మ చల్లగా ఉండాలని పూటపూటా ప్రార్థనలో తలుచుకుంటున్నాను. ఈ జాబు టపాలో రాలేదని, మీద ఊరి పేరు లేదని కంగారుపడకు. దారిలో విప్పి చదివే రోజులివి. అందుకే రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే మన కట్టయ్య అన్న చేతికి అందేటట్టు పంపాను. చదివాక పొయ్యిలో పెట్టు. మొగుడి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని దాచుకునేవు.

నీ జాబు నేను జనగామ మోటారు షెడ్డులో ఉండగానే అందింది. నువ్వడిగిన మొదటి ప్రశ్నకు ముందే జవాబు. మీ తమ్ముడు రాజయ్య బతికే ఉన్నాడు. నా కళ్లతో చూశాను. ఇప్పుడు వరంగల్ జైల్లో ఉన్నాడు. ఈ మాటలు అత్తమ్మకు చదివి వినిపించు. ఆమె కళ్లు తుడుచుకుని పనిలో పడ్డాక మిగతాది నువ్వొక్కదానివే కూర్చుని చదువు. అతను బయటికి ఎప్పుడొస్తాడన్నది కూడా ఇందులోనే ఉంది, కాని ఆ మాట దగ్గరికి నేను కొంచెం చుట్టు తిరిగి రావాలి.

మిలిటరీ క్యాంపు వాళ్ల జీపు బాగుచేస్తున్నది నువ్వేనా అని రెండో ప్రశ్న అడిగావు. నేనే. "గా పైసలతోని తెచ్చిన బియ్యం నా ఇంట్ల వండొద్దు" అని అత్తమ్మ అన్నదని రాశావు. దొరల మీద తిరగబడ్డ సంఘంలో ఉన్నాడని కొడుకును పట్టుకుపోయిన వాళ్ల బండికి అల్లుడు చాకిరీ చేస్తున్నాడంటే ఏ తల్లికైనా ఒళ్లు మండుతుంది. నేను తప్పు పట్టను. అయితే తుపాకులు పట్టుకున్నవాళ్లు షెడ్డు ముందు నిలబడి రమ్మంటే, రాను పొమ్మనే మిస్త్రీని ఒక్కణ్ణి నాకు చూపించమను, వాడికి దండం పెడతాను.

అసలు వాళ్లు నన్నెందుకు వెతుక్కుంటూ వచ్చారో చెబుతాను. జనగామకు ఆవల ఒక పల్లెలో, దొర వదిలి పారిపోయిన గడిలో వాళ్ల క్యాంపు. ఆ జీపు ఒకనాడు రోడ్డు కింది మోరీ గోడకు గుద్దుకుని స్టీరింగు రాడ్డు వంగిపోయింది. వాళ్ల దగ్గరున్న మిస్త్రీయే కొత్త రాడ్డు వేశాడు. వేసిన నాటి నుంచి బండి ఎడమకు గుంజడం, వేగం పెంచితే స్టీరింగు గడగడ వణకడం. ఒకసారి రోడ్డు దిగి కందకంలో పడి ఇద్దరు సిపాయిల పళ్లు రాలాయి. ఆ తరువాత సిపాయిలు ఆ జీపు ఎక్కమంటే మొహాలు తిప్పుకునేవారు. సికింద్రాబాద్ మిలిటరీ షెడ్డులో యుద్ధమప్పుడు జీపులు విప్పి కట్టినవాడు ఒకడున్నాడని ఎవరో చెప్పారట. చెప్పినవాడు సరైన మాటే చెప్పాడు. ఈ జిల్లాలో జీపు ముందు చక్రాల మర్మం తెలిసినవాడు నేను తప్ప ఇంకొకడు లేడు. నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను.

ఆ మిస్త్రీ మోటార్లకు రాకముందు ఎడ్లబండ్లు చేసేవాడు. బండి చక్రాలు రెండూ సరిసమానంగా నిలబెట్టడం అతని చేతికి అలవాటు. జీపుకు కూడా అదే చేశాడు. ముందు చక్రాలు రెండింటినీ వెనకా ముందూ ఒకే ఎడంలో పెట్టి, చూడముచ్చటగా ఉందని మురిసిపోయాడు. కాని మోటారు నడిచేటప్పుడు ముందు చక్రాలు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. అందుకని ముందు వైపు ఎడం వెనక వైపు కంటే ఒక వడ్లగింజ మందం తక్కువ ఉండాలి. అప్పుడే పరుగులో రెండూ చక్కబడతాయి. పైగా ఎడమ టైరు అరిగి బోడిది, కుడిది కొత్తది. నాలుగు చక్రాలూ లాగే గేరు ఇసుకలోనో బురదలోనో వేయాలి. వీళ్లు గట్టి రోడ్డు మీద కూడా అది వేసే తోలుతున్నారు. పొట్టివాడూ పొడుగువాడూ ఒకే మంచం మోసినట్టు, ఒక చక్రం ఒక తీరు, ఇంకొకటి ఒక తీరు. గుంజక ఏం చేస్తుంది?

గడి ముంగిలి బండపరుపు చదునుగా ఉంది. అక్కడే పని పెట్టుకున్నాను. టైర్లు మార్చి నాలుగూ ఒక ఈడువి వేశాను. చక్రం ఎత్తి తిప్పుతూ మేకుతో టైరు నడుమ గీత గీశాను. రెండు వెదురు బద్దలు కట్టి ముందొకసారి వెనకొకసారి కొలిచాను. రాడ్డు మర తిప్పడం, జీపును నాలుగు బారలు ముందుకు తోయించడం, మళ్లీ కొలవడం. తోయకుండా ఉన్నచోటనే కొలిస్తే లెక్క తప్పుతుంది, ఆ ముక్క చాలామందికి తెలియదు.

రాజయ్యను చూసింది ఆ పనిలోనే. నేను జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. నీళ్ల కావడి మోసుకుంటూ ఒకడు పక్కనుంచి పోతున్నాడు. పాదాలు చూడగానే గుర్తుపట్టాను. మన పెళ్లిలో నేను కొనిపెట్టిన చెప్పులు వేసుకోనని పేచీ పెట్టాడే, ఆ వంకర బొటనవేళ్లు. తల బయటికి పెట్టి చూశాను. అతనూ చూశాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, వీపు మీద వాతలున్నాయి. నీకు అబద్ధం చెప్పను. చూసీ చూడనట్టు ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. నేను డోర్నకల్ అల్లుణ్ణని అక్కడెవరికీ తెలియదు, సికింద్రాబాద్ వాణ్ణనే అనుకుంటున్నారు. ఆ సాయంత్రమే నీ జాబు వచ్చింది. చదువుకుంటూ ఏడ్చాను రూతమ్మా.

ఎట్లయినా రాజయ్యతో ఒక్క మాట మాట్లాడాలి. దానికి ఉపాయం నా పనిలోనే దొరికింది. ఖాళీ బండికి కుదిర్చిన చక్రాల వరస మనుషులెక్కితే చెదురుతుంది. స్ప్రింగులు దిగుతాయి, రాడ్డు వాలు మారుతుంది. అందుకే బండి రోజూ మోసే బరువు పెట్టి నడిపి చూడాలి. ఇది నిజం, కల్పించింది కాదు. క్యాంపు సిపాయిల మీద పెత్తనం చేసే జమేదారుతో అదే చెప్పాను. వెనక ముగ్గురు మనుషుల బరువు కావాలన్నాను. నేననుకున్నట్టే సిపాయి ఒక్కడూ ముందుకు రాలేదు. జమేదారు నవ్వి, "ఖైదీలు ఎందుకున్నారు?" అన్నాడు. రాజయ్యతో మరో ఇద్దరిని తాళ్లతో చేతులు కట్టి తీసుకొచ్చారు. బండి తోలుతూనే అమ్మ ఎట్లుంది, అక్క ఎట్లుంది అని చెప్పేద్దామనుకున్నాను. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

జీపు దాకా వచ్చాక రాజయ్య ఆగిపోయాడు. జమేదారుతో ఉర్దూలో మాట్లాడాడు. మన మాటల్లో చెప్పాలంటే ఇది. "సాబ్, నేను నీళ్లకు రోజు బయటికొస్తనే ఉన్న. లోపల ఒక పెద్దాయన ఉన్నడు, చీకటర్రల ఉండి ఉండి కండ్లు మసకబట్టినయంటుండు. నా జాగల గాయిన్ని ఎక్కించుండ్రి. జర గాలి తగులుతది. బరువుకైతే నా కంటె గాయినే మేలు."

జమేదారుకు నవ్వొచ్చింది. సరేనన్నాడు. రాజయ్యను లోపలికి నెట్టి ఆ పెద్దాయన్ని తెచ్చారు. అతని పేరు బుచ్చయ్య. దొర గుంజుకున్న భూములను ఊరివాళ్లు మళ్లీ దున్నుకునేటట్టు నిలబెట్టిన మనిషి. మిగిలిన ఇద్దరిలో ఒకడు మానుకోట దిక్కు తండా మనిషి రెడ్యా, ఇంకొకడు కొమురెల్లి అనే నేతపనివాడు. నేను పానా పట్టుకుని నిలబడి చూస్తున్నాను. అయ్యా, ఆ పిల్లగాణ్ణే ఎక్కించండి అనలేను గదా.

నా పక్కన జమేదారు, వెనక ఆ ముగ్గురు, వాళ్ల వెనక అంచు మీద తుపాకీతో ఒక సిపాయి. బయలుదేరాం. గట్టి రోడ్డు మీద వేగం పెంచాను. స్టీరింగు వణికితే ఒట్టు. రెండు చేతులూ తీసి చంకల్లో పెట్టుకున్నాను. జమేదారు ముందు కెవ్వుమన్నాడు, తరువాత తొడ మీద చరిచి "శాబాష్" అన్నాడు. బండి దారం పట్టినట్టు సూటిగా పోతోంది. అప్పుడు వెనక నుంచి బుచ్చయ్య, దగ్గుతున్నట్టు కట్టిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా మన మాటల్లో అన్నాడు.

"బిడ్డా, మంచిగ తోలుతున్నవు. కడసారి గాలి తాగిచ్చినవు. రేపు పొద్దుగాల నన్ను గుట్టకు తీస్కపోతరట. ముందుగాల పోయినోళ్లు ఒక్కలు సుత మర్లి రాలే."

ఏడుపు లేదు, బతిమాలడం లేదు. రేపు సంతకు పోతానన్నట్టు చెప్పాడు. జమేదారుకు గాని సిపాయికి గాని మన మాట రాకపోవడం ఒక్కటే ఆనాటి అదృష్టం.

వాగు దగ్గర రోడ్డు దింపాను. ఎండాకాలం, వాగంతా పొడి ఇసుక. నాలుగు చక్రాల గేరు వేసి కొంత దూరం నడిపి ఆపాను. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు, నన్ను ఉన్నదానికంటే గొప్పవాణ్ణి చేయకు. జమేదారును నేను మోసం చేసి దింపలేదు. నా పనితనం చూపించుకోవాలని దింపాను. చక్రాల వరస కుదిరిందీ లేనిదీ ఇసుకే చెబుతుంది. సూటిగా పోయిన బండికి వెనక చక్రం ముందు చక్రం జాడలోనే పడాలి. "దిగి చూడండి సాబ్, నాలుగు చక్రాలకు రెండే గీతలు" అన్నాను. పని బాగా కుదిరినప్పుడు నలుగురికీ చూపించకుండా నేను ఉండలేను, నీకు తెలిసిందేగా. జమేదారు దిగి ఒక జాడ మీద వంగాడు. రెండో జాడ చూడమని సిపాయిని పిలిచాడు. ఇద్దరూ జాడల వెంట వెనక్కి నడుచుకుంటూ పోయారు. ఒకటే గీత పడిందని "ఏక్ లకీర్!" అంటూ ముచ్చటపడుతున్నాడు జమేదారు.

ఇంజను నడుస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఆ ముగ్గురిలో మీ తమ్ముడు లేడు.

ఇప్పుడిక దాచను. ఇంతసేపూ నేను చుట్టు తిరిగింది ఈ మాట రాయడానికే. నేను ఇప్పుడు జీపు తోలుకుపోతే గడిలో మిగిలిన రాజయ్య ఒళ్లు హూనం చేస్తారని నాకు ఆ క్షణంలో తెలుసు. తన చోటు తనే ఇచ్చాడు కాబట్టి ఇదంతా అతను పన్నిన పన్నాగమనే అనుకుంటారని కూడా తెలుసు. తోలుకుపోకుండా తిరిగొస్తే ముసలాయన రేపటికి ఉండడని తెలుసు. తెలియక చేశానని, తొందరలో చేశానని నీతో అనను. అంతా తెలిసే గేరు వేశాను.

కాల్పులు జరిగాయి. వెనక తగిలించిన చక్రంలో ఒక గుండు దిగింది, మాకెవరికీ తగలలేదు. క్యాంపు నుంచి లారీ వచ్చినా ఆ ఇసుకలో మా వెంట పడలేకపోయింది. వాగు పొడుగునా బండి ఎక్కడా అటూ ఇటూ తొణకలేదు రూతమ్మా. పాత వరసతోనే ఉంటే మొదటి మలుపులోనే గట్టుకు గుద్దుకుని అందరం అక్కడే దొరికిపోయేవాళ్లం. పెట్రోలు అయిపోయాక జీపును మోదుగు పొదల్లోకి తోసి వదిలేశాం. మంచి బండి. వదులుతుంటే ప్రాణం ఉసూరుమంది.

అక్కడి నుంచి రెడ్యా దారి చూపించాడు. మానుకోట దిక్కు వాళ్ల తండాలో కొన్నాళ్లు ఉన్నాం. రెడ్యా భార్య చంద్రి జొన్నరొట్టెలు చేసి పెడుతూ, వాళ్ల భాషలో నన్నేదో ఎగతాళి చేసేది. నాకు అర్థం కాకపోయినా నవ్వేవాణ్ణి. తండాలకు కూడా సోదాలు మొదలయ్యాక ఇటు భూపాలపల్లి దిక్కు అడవికి వచ్చాం. ఇక్కడ జీపులు లేవు, నా విద్యకు పనిలేదు. ఇక్కడి దళం వాళ్ల తుపాకుల మరలు బాగుచేస్తున్నాను.

కట్టయ్య అన్న ద్వారా తెలిసిన సంగతి ఇది. రాజయ్యను చాలా కొట్టారు. ఎడమ చేయి విరిగింది. ముగ్గురు తప్పించుకున్న సంగతి విచారించడానికి పైనుంచి ఒక అధికారి రావడంతో, గడిలో మిగిలినవాళ్లందరినీ వరంగల్ జైలుకు మార్చారు. జైలు కాబట్టి ప్రాణానికి భయం లేదు. చేయి కూడా కట్టు కట్టారట, అతుక్కుంటుంది.

కాని జనగామ చుట్టుపక్కల పల్లెల్లో దండోరా వేయించారు. పారిపోయిన ముసలాయన్ని గాని, జీపు తోలిన మిస్త్రీని గాని అప్పజెప్పితే రాజయ్యను వదిలేస్తారట. ఆ డప్పు డోర్నకల్ దాకా వినిపించదు. నేను రాయకపోతే నీకు ఎన్నటికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆ సంగతి నేను బుచ్చయ్యకు చెప్పకూడదనుకున్నాను. కొమురెల్లి నోట్లో మాట ఆగదు, చెప్పేశాడు. ముసలాయన తలపాగా చుట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"నడువు బిడ్డా, నన్ను దించిరా. నా జాగల నేను పోత. నేను ముసలోణ్ణి, ఎన్నేండ్లుంట? గా పిల్లగాడు నాకు జాగ ఇచ్చిండు."

"కూసో నాయినా," అన్నాను. "గాయిన ఇచ్చింది నీకు. గది మర్ల గుంజుకునేటందుకు నేనెవర్ని?"

"మరి గాయిన ఎవరు నీకు? ఎరికైనోడా?"

"నా బామ్మర్ది," అన్నాను.

ఆ పెద్దమనిషి అక్కడే నేల మీద కూలబడిపోయాడు. గుట్టకు తీసుకుపోతారని చెప్పినప్పుడు కూడా వణకని మనిషి, పిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని నేను పంపను. ఈ మాట అత్తమ్మకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చెబితే ముసలాణ్ణి అప్పగించమని నాకు రాయమంటుంది. ఆమె తల్లి, అనాలి. నువ్వూ అలా రాయవచ్చు. నేను చదువుకుంటాను, నీ మీద కోపం తెచ్చుకోను, కాని చేయను. జైలుకు ఒకనాడు తలుపు తెరుచుకుంటుంది. గుట్ట మీదికి పోయినవాళ్లకు ఆ దారి లేదు.

ఇక బిడ్డకు ఏం పేరు పెడదామని అడిగావు. మగపిల్లవాడైనా ఆడపిల్లయినా నువ్వు మెచ్చిన పేరే పెట్టు. రాజయ్య పేరు మాత్రం వద్దు. అది పోయినవాళ్లకు చేసే పని. మేనమామ తన చేతులతోనే ఎత్తుకుంటాడు, ఆ చేయి అతుక్కోనీ. పురుడు దగ్గర నేను లేనని దిగులుపడకు. మిషన్ దవాఖాన నర్సమ్మ చేతిలో ఎవరికీ చెడు జరగలేదు. క్యాంపు వాళ్లెవరైనా వచ్చి అడిగితే, పెనిమిటి ఎక్కడున్నాడో తెలియదని నిజమే చెప్పు. ఈ అడవిలో నేనెక్కడున్నానో నాకే సరిగా తెలియదు.

ఒక్క పని నాకోసం చేయి. ఒళ్లు తేలికపడ్డాక బిడ్డను తీసుకుని వరంగల్ పోయి రాజయ్యను చూడు. చూసి, దండోరా సంగతి చెప్పు. దండోరాలో రెండు పేర్లున్నాయి గదా, ముసలాయన పేరుతో పాటు నాదీ ఉంది. "బావ రావాలె" అని రాజయ్య ఒక్క మాట అంటే చాలు, కట్టయ్య అన్నతో కబురు చేయి. నేనే నడుచుకుంటూ వెళ్లి గడి ముందు నిలబడతాను. బండి తోలింది నేను, జవాబు చెప్పాల్సింది నేను. ఇది గొప్ప కోసం రాసింది కాదు. నువ్వు ఏడుస్తావని, బిడ్డను అడ్డం పెట్టి వద్దంటావని తెలుసు. కాని ఈ ఒక్క విషయంలో నువ్వు అతని మాటనే నాకు రాయాలి, నీ మాట కలపకూడదు.

అతను రమ్మని అనడు. రాజయ్య నాకు తెలుసు. అయినా అడగమంటున్నాను. నేను వదిలేసి వచ్చినవాడు తన నోటితో నన్ను రావద్దనేదాకా, జీపు తోలిన ఈ చేతులతో అన్నం కలుపుకుని తినలేకపోతున్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి జవాబు కోసం దారి చూసే
నీ పెనిమిటి,
రాజయ్యకు బావ
యోసేపు